పన్నెండో నంబరు చీటీ

వాచ్‌మన్ అబద్ధం చెబుతున్నాడని టీచరమ్మకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. ఇరవై ఆరేళ్ళు బళ్ళో హాజరు పిలిచిన మనిషి ఆమె. రాని పిల్లవాడి బదులు పక్కవాడు గొంతు మార్చి పలికితే, పుస్తకంలోంచి తలెత్తకుండానే వాడి పేరు పెట్టి పిలిచి బెంచీ ఎక్కించేది. బడి వదిలేసి డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్నాక కూడా పని పెద్దగా మారలేదు. ఉన్నదెవరు, లేనిదెవరు అని తేల్చడమే.

ఈసారి లేనిది ఒక ల్యాబ్ మేడం.

శిక్షణ కాలేజీ, దాని పక్కనే ప్యాకింగ్ ఫ్యాక్టరీ, రెంటికీ కలిపి ఒకటే ప్రహరీ, ఒకటే వాచ్‌మన్ గది. కాలేజీలో చదివేవాళ్ళు సగం రోజు ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటారు. ల్యాబ్ మేడం వాళ్ళకు బార్‌కోడ్లు వేయడం, స్కాన్ చేయడం, కార్డు చూపిస్తే తెరుచుకునే గేట్ల సంగతీ నేర్పుతుంది. ఆదివారం సెలవైనా మధ్యాహ్నం ఒకటీ అయిదుకు లోపలికొచ్చింది. రాత్రికి ఇంటికి చేరలేదు. ఇవాళ మంగళవారం, ఉదయం పదీ యాభై.

ఆమె అక్క బట్టలు కుట్టి బతికే మనిషి. నిన్న సాయంత్రం టీచరమ్మ గుమ్మంలో నిలబడి, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి, తనకు తెలిసిందంతా చెప్పింది. అరవై మంది పిల్లల కార్డులు ఎవరో ఒక సొరుగులో దాచిపెట్టి, భద్రతా శిక్షణ గంటలకు ఒక్కొక్కటీ మిషనుకు చూపిస్తున్నారట. పిల్లలు రాకుండానే శిక్షణ పూర్తయిందని మిషన్ రాసుకుంటుంది. అలా నేర్చుకోకుండానే నేర్చుకున్నవాడి కింద లెక్కకొచ్చిన ఒక కుర్రవాడు పోయిన నెల కోత మిషన్ దగ్గర నాలుగు వేళ్ళు పోగొట్టుకున్నాడు. దాని మీద సోమవారం విచారణ. సాక్ష్యం చెప్పాల్సింది చెల్లెలు. ఆ దొంగ హాజరు జాబితా తెచ్చుకోవడానికే ఆదివారం వెళ్ళింది. సాక్షి రాలేదు కాబట్టి సోమవారం విచారణ అరగంటలో ముగిసిపోయింది.

పోలీసుల మాట వేరు. గేటు రికార్డులో ఆమె కార్డు సాయంత్రం నాలుగూ ఇరవైకి బయటికెళ్ళినట్టుంది. పెద్దపిల్ల, తన ఇష్టప్రకారం ఎక్కడికో వెళ్ళింది, నాలుగు రోజులు పోతే అదే వస్తుందని ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసేశాడు.

టీచరమ్మకు ఆ నాలుగు రోజుల మాటే భయం పుట్టించింది. ఆ పిల్ల ఈ ప్రహరీ దాటకపోయి ఉంటే, ఎక్కడో తలుపు వెనక పడి ఉంటే, నీళ్ళు లేకుండా మనిషి నాలుగు రోజులు ఆగడు. అప్పటికే రెండు రోజులు కావస్తోంది.

"ప్రతి రౌండూ తిరిగానమ్మా," అన్నాడు వాచ్‌మన్ మళ్ళీ. "పన్నెండు పాయింట్లూ చూశాను. ఎక్కడా ఎవరూ లేరు. కావాలంటే రిపోర్టు చూడండి."

రెండు గంటలకోసారి అతను చేతి స్కానరు పట్టుకుని రెండు భవనాలూ తిరగాలి. ఒక్కోచోట గోడకు అంటించిన బార్‌కోడ్ చీటీని స్కాన్ చేయాలి. స్కాన్ పడిందంటే మనిషి అక్కడికి వెళ్ళినట్టే లెక్క. ఆ రిపోర్టును సిస్టమ్ బాబు అప్పటికే అచ్చు తీసి తెచ్చాడు. కంప్యూటర్లన్నీ చూసుకునే ఉద్యోగి కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. నలభై లోపు వయసు, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. టీచరమ్మకు కుర్చీ తుడిచి వేసిందీ అతనే.

టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని అంకెలు చదివింది. ఆదివారం మూడు గంటల రౌండు. ఒకటో పాయింటు మూడూ సున్నా, నాలుగో సెకను. పదకొండో పాయింటు మూడూ సున్నా, నలభై ఒకటో సెకను.

"నీ మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా అన్యాయంగా ఉన్నాయి కదయ్యా," అంది. "ముప్పై ఏడు సెకన్లలో రెండు భవనాలు, మూడంతస్తులు ఎలా తిరిగొచ్చావు?"

గడియారం తప్పన్నాడు వాచ్‌మన్. మిషన్ తప్పన్నాడు. టీచరమ్మ అతన్ని వదిలేసి గదిని చూడడం మొదలుపెట్టింది. చిన్న గది. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ఒక చేతుల కుర్చీ, కుర్చీకి కుడిపక్క చేతికందేంత దూరంలో స్కానరు పెట్టే స్టాండు. ఎడమపక్క గోడకు కేలండరు. నెల మారి రెండు వారాలైనా పోయిన నెల పేజీయే వేలాడుతోంది. పేజీ తిప్పే ఓపిక కూడా లేనివాడి కేలండరుకు కింది అంచు మాత్రం రోజూ పదిసార్లు పట్టుకున్నట్టు నల్లబడి ఉంది.

ఆమె ఆ అంచు పట్టుకుని పైకెత్తింది.

కేలండరు వెనక గోడకు ల్యామినేషన్ చేయించిన కాగితం ఒకటి అంటించి ఉంది. దాని మీద రెండు వరుసల్లో బార్‌కోడ్లు. గోడల మీదున్న చీటీలన్నిటికీ జెరాక్సు తీయించి ఒకచోట పెట్టుకున్నాడు మహానుభావుడు. కుర్చీలో కూర్చుని, కేలండరు ఎత్తి, టకటకా స్కాన్ కొట్టి మళ్ళీ దించేయడం. అన్నీ కాకి లెక్కలే.

వాచ్‌మన్ చేతులు జోడించాడు. కాళ్ళు వాచిపోయి రెండేళ్ళ నుంచీ ఇదే పని చేస్తున్నానని, ఉద్యోగం పోతే ఇంట్లో మనవరాలి చదువు ఆగిపోతుందని ఏడ్చాడు. టీచరమ్మకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. ముందు కోపాన్నే వాడుకుంది.

"అంటే ఆదివారం నుంచీ ఈ ఆవరణలో ఒక్క గది కూడా ఎవరూ చూడలేదన్నమాట."

ఆ మాట అంటుండగానే ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. పోయిన ఏడాది ఒక కేసులో అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని టీచరమ్మ కోర్టులో తేల్చింది. అప్పటినుంచీ ఆమె చీర కొంగు కనబడితే చాలు అతనికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంటుంది. టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఎవరి అనుమతితో వచ్చారని అడిగాడు. టీచరమ్మ జవాబు చెప్పకుండా కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది.

"పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏదీ?"

వాచ్‌మన్ ముక్కు తుడుచుకున్నాడు. "అది కొత్తదమ్మా. ఫ్యాక్టరీ వెనక వాడకుండా వదిలేసిన పాత కోల్డ్ రూములో పెట్టారు. శనివారం సాయంత్రం ఆ మేడమే పిల్లలతో వచ్చి గది లోపలి గోడకి అంటించింది. దానికింకా జెరాక్సు తీయించలేదు."

"మరి రిపోర్టులో ఆదివారం నుంచీ ప్రతి రౌండుకీ పన్నెండు పడి ఉందే?"

వాచ్‌మన్ సిస్టమ్ బాబు వైపు చూశాడు. "నా మీద జాలిపడి బాబే నింపుతున్నాడనుకున్నానమ్మా."

సిస్టమ్ బాబు నవ్వాడు. "నేనెందుకు నింపుతాను? నువ్వే దానికీ జెరాక్సు తీయించావనుకున్నా..."

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అది ఆగడం టీచరమ్మ చూసింది. చూసి కూడా, తన తెలివి చూసి ఆశ్చర్యపోతున్నాడనుకుంది. ఆ తర్వాత చాలాకాలం ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది ఈ ఒక్క క్షణానికే.

బాబు వెంటనే తేరుకున్నాడు. సిస్టమ్‌లో ఏదో లోపం ఉండి ఉంటుందన్నాడు. ఆ గది తాళంచెవి తన దగ్గరే ఉందని, ఒక్క పరుగున వెళ్ళి చూసొస్తానని ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాడు. వెళ్ళిరమ్మన్నాడు ఇన్‌స్పెక్టర్. గోడ గడియారంలో పదకొండూ ఎనిమిది.

టీచరమ్మ కూడా లేచింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఫ్యాక్టరీలోకి బయటివాళ్ళు వెళ్ళాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలన్నాడు. ఆమె వాదించింది. అతను ఆమె వయసు గురించి, ఇంటిపట్టున ఉండి చేసుకోదగిన పనుల గురించి చెప్పాడు. ఆమె అతని ఫైలు గురించి, అందులో లేని పేజీల గురించి చెప్పింది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. పొద్దున టీచరమ్మ వెంటే వచ్చిన ఆ పిల్ల అక్క మధ్యలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఎవరి కాళ్ళు పట్టుకుంటే పని జరుగుతుందో తెలియక టేపు కొస వేలికి చుట్టుకుంటోంది.

"ఆమె నాలుగూ ఇరవైకి బయటికెళ్ళింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మిషన్‌కి మీ మీదా ప్రేమ లేదు, నా మీదా పగ లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తుంది."

"వెళ్ళింది కార్డు," అంది టీచరమ్మ. "మీ టోపీ బల్ల మీదుంది. అలాగని మీరు బల్ల మీద కూర్చున్నట్టా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం కందిపోయింది. ఆమె అతన్ని అక్కడే వదిలేసి కంప్యూటరు ముందు కూర్చుంది. బళ్ళో చివరి నాలుగేళ్ళూ హాజరు కంప్యూటర్లోనే వేసిన మనిషికి ఆ జాబితా కొత్త కాదు. తెర మీద పైన ఒక మూల చిన్న గడి, అందులో టిక్కు, పక్కన 'డూప్లికేట్లు చూపవద్దు' అని ఉంది. ఒక రౌండులో ఒకే చోట స్కాన్ మళ్ళీ మళ్ళీ పడితే మొదటిది ఉంచుకుని మిగతావి దాచేస్తుంది.

ఆమె ఆ టిక్కు తీసేసింది.

పేజీన్నర జాబితా ఆరు పేజీలైంది. కొత్తగా ఇంకో నిలువు వరుస కూడా కనిపించింది, ఏ స్కానరుతో కొట్టారో దాని నంబరు. ఒకటి నుంచి పదకొండు దాకా అన్ని పాయింట్లూ ఒకటో నంబరు స్కానరు, అంటే వాచ్‌మన్‌ది. పన్నెండో పాయింటు మాత్రం ఆరో నంబరు స్కానరు.

ఆదివారం మూడూ నలభై ఒకటి, పన్నెండు. మూడూ నలభై ఒకటి, పన్నెండు. మళ్ళీ పన్నెండు. నలభై రెండు, పన్నెండు. ఆ తర్వాత వరుసగా అరపేజీ నిండా పన్నెండే. సాయంత్రమయ్యేసరికి అవి పలచబడ్డాయి. గంటకు మూడు. సోమవారం పొద్దున గంటకు మూడు. సోమవారం రాత్రంతా గంటకు మూడు. బ్యాటరీ అయిపోకుండా ఎవరో లెక్కగా, ఓపికగా కొడుతున్నారు.

"ఆరో నంబరు ఎవరిది?" అంది టీచరమ్మ.

జవాబు అక్క నుంచి వచ్చింది. ఆమె తెర మీదికి వంగి, తన కుడిచేతి వేలు చూపించింది. "చెల్లిదే. ఇక్కడ తొడుక్కుంటుంది టీచరమ్మా, ఉంగరంలా ఉంటుంది. కుట్టేటప్పుడు నేను తొడుక్కునే తొడుగు చూసి నీకూ ఒకటి, నాకూ ఒకటి అని నవ్వేది. దానికి మాటలుండవు. అంకెల బటన్లూ ఉండవు. బొటనవేలితో నొక్కితే ఎదురుగా ఉన్న చీటీ చదువుతుంది. అంతే."

అంతే. ఫోను లాక్కున్నవాడు ఆ ఉంగరాన్ని పట్టించుకోలేదు. మందపాటి తలుపు వెనక, అరుపు బయటికి రాని గదిలో, ఆ పిల్లకు మిగిలిన నోరు అదొక్కటే. ఎదురుగా ఉన్నది తన చేత్తో అంటించిన ఒకే ఒక్క చీటీ. రెండు రోజులుగా ఆమె ఆ ఒక్క ముక్కే అరుస్తోంది. మిషన్ ప్రతిసారీ విన్నది, రాసుకున్నది, చెప్పిందే మళ్ళీ చెబుతోందని దాచేసింది. నింపింది బాబని వాచ్‌మన్, వాచ్‌మనని బాబు అనుకుని ఊరుకున్నారు.

చివరి స్కాన్ ఈ రోజు, పదీ ముప్పై రెండుకు.

"బతికే ఉంది," అంది అక్క. ఆమె ఏడవలేదు. టీచరమ్మ భుజం మాత్రం వేళ్ళు దిగేలా పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఆమె వెనకకొచ్చి నిలబడ్డాడు. అతని ఊపిరి టీచరమ్మకు వినిపిస్తోంది. ఆమె గేటు జాబితా తెరిచింది. ఇక్కడ కూడా అదే టిక్కు, అదే మూల. తీసేసింది. ఆదివారం నాలుగూ ఇరవై, ఏడో సెకను, ల్యాబ్ మేడం కార్డు. ఇంతవరకూ అందరూ చూసింది ఈ వరుసనే. ఒకే గేటులో రెండు సెకన్ల తేడాతో పడినందుకు డూప్లికేట్ కింద దాగిపోయిన ఇంకో వరుస దాని కింద తేలింది. నాలుగూ ఇరవై, తొమ్మిదో సెకను, ఇంకో కార్డు.

పొద్దున గేటు దాటుతూ ఆమె చేతి గడియారం చూసుకుంది. ఆ ఇనుప గేటు మనిషికొకసారి తిరుగుతుంది. తిరిగి మళ్ళీ బిగుసుకోవడానికి అయిదు సెకన్లు పడుతుంది. రెండు సెకన్లలో ఇద్దరు దాటలేరు. ఒక్క మనిషి, చేతిలో రెండు కార్డులు. ముందు ఆమెది చూపించి, వెంటనే తనదీ చూపించి, ఒక్కసారే దాటాడు. బయటికెళ్ళినట్టు పడకపోతే మర్నాడు అతని కార్డుకు గేటు తెరుచుకోదు మరి.

రెండో కార్డు పక్కన పేరు లేదు, ఉద్యోగం మాత్రమే ఉంది. సిస్టమ్స్ ఇన్‌చార్జ్.

పిల్లల కార్డులు దాచిన సొరుగు ఎవరిదో, ఆ జాబితా బయటపడితే మునిగేదెవరో కూడా దాంతో అర్థమైపోయింది. టీచరమ్మకు తన బుద్ధితక్కువతనం మీద ఒళ్ళు మండిపోయింది. వాడి ముందే కాగితం తీసింది. వాడి ముందే లెక్కపెట్టింది. ఆ గదిలోంచి ఎవరో పలుకుతున్నారని వాడికి తనే విప్పి చెప్పింది. చెప్పి, తాళంచెవితో సహా పంపించింది. పదకొండూ ఎనిమిదికి వెళ్ళాడు. ఇప్పుడు పదకొండూ పదిహేడు. తొమ్మిది నిమిషాలు, అందులో సగం టోపీల మీద వాదనకే పోయాయి.

"నేనే వెళ్ళిరమ్మన్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు.

అప్పుడే తెర మీద, జాబితా అడుగున, కొత్త వరుస పడింది. పదకొండూ పదిహేడు, యాభై సెకన్లు. పన్నెండు. ఆరో స్కానరు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటి, బయటున్న ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ఫ్యాక్టరీ వైపు పరుగెత్తమని కేకేశాడు. తనూ రెండడుగులు వేశాడు.

"ఆగండి," అంది టీచరమ్మ.

ఇంకో వరుస పడింది. పదకొండూ పద్దెనిమిది. పాయింటు పదకొండు. ఆరో స్కానరు.

పదకొండో పాయింటు కోల్డ్ రూము బయట, నడవాలో ఉంటుంది. అంటే ఆ పిల్ల గదిలోంచి బయటికొచ్చింది. అక్క ముఖం వెలిగింది. "వస్తోంది! వాడే తీసుకొస్తున్నాడేమో, టీచరమ్మా."

తెర మీద తొమ్మిది పడింది.

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. రెండేళ్ళుగా తిరగకపోయినా దారి అతనికి కంఠతా వచ్చు. "ఇటు రావడం కాదమ్మా. గేటు వైపొస్తే పదకొండు తర్వాత పది పడాలి. తొమ్మిదంటే వెనక మెట్లు. అవి దిగితే సరుకు ఎక్కించే చోటుకే. పాత విభాగం కదా, అటు పురుగు కూడా ఉండదు. దానికి వేరే గేటుంది, వెనక రోడ్డుకి."

ఇన్‌స్పెక్టర్ తెర దగ్గరికి తిరిగొచ్చి, వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని, కానిస్టేబుళ్ళను వెనక్కి, సరుకు ఎక్కించే చోటుకు మళ్ళమన్నాడు. ఈసారి అతను టీచరమ్మను ఆగమనలేదు, తనూ కదల్లేదు. దారి కనిపించేది ఈ తెర మీద ఒక్కటే. పక్కన నడుస్తున్నవాడికి తెలియకుండా, చెంగు చాటునో చున్నీ చాటునో వేలు పెట్టుకుని, ఎదురైన ప్రతి చీటీనీ ఆ పిల్ల చదివిస్తోంది. రెండు రోజులు నీళ్ళు లేని మనిషి.

ఎనిమిది.

తర్వాత ఒక నిమిషం ఏమీ పడలేదు. ఒకటిన్నర. వాచ్‌మన్ ఏదో దేవుడి పేరు గొణుగుతున్నాడు. అక్క కళ్ళు ఆర్పకుండా తెరనే చూస్తోంది.

పదకొండూ ఇరవై రెండుకు ఇంకో వరుస పడింది. అందులో పాయింటు నంబరు లేదు. 'గుర్తింపు లేని కోడ్' అని ఎర్రగా వచ్చి, దాని పక్కన తొమ్మిదంకెలు.

"ఇదేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వాచ్‌మన్ వంగి చూశాడు. "వ్యాను, సార్. సరుకు లెక్కకి ప్రతి వ్యాను వెనక తలుపు మీదా ఇలాంటి చీటీ ఉంటుంది. అక్కడెప్పుడూ నాలుగు వ్యాన్లు నిలబడతాయి. నాలుగూ ఒకటే రంగు, ఒకటే బొమ్మ. చీటీ తప్ప తేడా ఉండదు." చెబుతూనే సొరుగులోంచి వ్యాన్ల పుస్తకం లాగాడు. ఏ చీటీ ఏ బండిదో అందులో ఉంటుందట. గబగబా పేజీలు తిప్పడంలో పుస్తకం కింద పడింది, మళ్ళీ తీశాడు.

ఎక్కిస్తుంటే తలుపు మీది చీటీ చదివించింది. ఏ బండిలో తీసుకెళ్తున్నాడో కూడా చెప్పింది. ఇంక ఆమె చెప్పగలిగింది లేదు. ప్రహరీ దాటితే ఈ స్కానరు ఏమీ పంపలేదు.

ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ మీట నొక్కి పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. ఆ ముఖంలో పాత కేసూ లేదు, కోర్టూ లేదు.

"నంబరు చదవండి టీచర్ గారూ. నెమ్మదిగా చదవండి, ఒక్కటి కూడా తప్పు పోకూడదు."

ఆమె చదివింది. ఒక్కో అంకె అతను తిరిగి పలికాడు. ఏడో అంకె దగ్గరుండగా తెర మీద ఆరో స్కానరు పక్కన పచ్చచుక్క బూడిదరంగుకు మారింది, సిగ్నల్ అందడం లేదని అక్షరాలు పడ్డాయి. ఆమె ఆపకుండా ఎనిమిదోదీ తొమ్మిదోదీ చదివేసింది.

ఇన్‌స్పెక్టర్ మీట వదిలాడు. వైర్‌లెస్‌లో గరగర. తర్వాత పరుగెత్తి ఆయాసపడుతున్న కానిస్టేబుల్ గొంతు.

"వెనక గేటు తీసే ఉంది సార్. వ్యాన్లు మూడే ఉన్నాయి."